ఓగ్బెచే లేని మనోలో

సంపాదకులకు నమస్కారం.

భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు 2027 ఆసియా కప్ అర్హత పోగొట్టుకున్నప్పటి నుంచి ఓరుగల్లు అభిమానులు రెండుగా చీలిపోయారు. మళ్లీ విదేశీ కోచ్‌ను తేవాల్సిందేనని కొందరు, 2025 ఆగస్టులో కోచ్‌గా వచ్చిన ఖాలిద్ జమీల్‌కు ఇంకొంత కాలం ఇవ్వాలని కొందరు. హనుమకొండ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర నిలబడ్డా, కాజీపేటలో ఆట చూడటానికి పోయినా ఇదే పంచాయితీ. టీవీ విశ్లేషకులు, పత్రికల క్రీడా పేజీలు ఈ పంచాయితీలో ఆజ్యం పోస్తున్నారు కానీ తీర్పు చెప్పుకోవడానికి కావాల్సిన సరుకు మాత్రం ఇవ్వడం లేదు. ఆ సరుకు ఏమిటో చెప్పడానికే ఈ ఉత్తరం.

కోచ్ పేరు చూసి పందెం కాసేవాళ్లకు స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు 2019-20 సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను జనవరిలోనే సాగనంపారు. తర్వాతి సీజన్‌కు మనోలో వచ్చాడు. 20 మ్యాచ్‌లకు తొలి సీజన్‌లో 29 పాయింట్లు, మలి సీజన్‌లో 38, ఆ పై సీజన్‌లో 42. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 దగ్గర ఆగితే, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. అదే మనోలో 2024 జులైలో దేశ జట్టు పగ్గాలు పట్టాడు. 8 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి, అదీ మాల్దీవుల మీద. నాలుగు డ్రాలు, మూడు ఓటములు. మన గచ్చిబౌలిలోనే మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, మలేసియాతో 1-1. ఏడాదికే తప్పుకున్నాడు.

మనిషి మారలేదు, బుర్రా మారలేదు. మరి ఏం మారింది?

మొదటిది గోల్ కొట్టేవాడు. 2021-22లో హైదరాబాద్‌కు నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి లీగ్‌లోనే అందరికన్నా ముందున్నాడు. దేశ జట్టుకు నైజీరియా ఆటగాణ్ణి తెచ్చుకోలేం కదా. మన క్లబ్బుల్లో తొమ్మిదో నంబర్ చోటు, అంటే స్ట్రైకర్ చోటు, ఎక్కువగా విదేశీయులదే, మన కుర్రాళ్లను మైదానం అంచులకు (వింగ్‌లకు) తోస్తారు, లేదంటే చివరి పావుగంటకు దించుతారు. ఏడాది పొడవునా గోల్‌కు వీపు పెట్టి ఆడని వాణ్ణి నాలుగు రోజుల్లో స్ట్రైకర్‌ను చేయడం ఎవరి తరమూ కాదు. రిటైరైపోయిన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో 2025 మార్చిలో మళ్లీ పిలిచింది అందుకే. దానికి మనోలోను వెక్కిరించిన విశ్లేషకుల్లో ఎంతమంది ఆ సీజన్ లీగ్‌లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ కొట్టింది ఛెత్రీయేనని చెప్పారు?

రెండోది దినాల లెక్క. క్లబ్బులో కోచ్‌కు ఆటగాళ్లు రోజూ దొరుకుతారు. వెనక నలుగురి వరుస ఎప్పుడు ముందుకు జరగాలి, బంతి పోయిన వెంటనే ఎవరు మీద పడాలి, ఎవరు వెనక్కి తగ్గాలి అన్నవి వారాల తరబడి చేయిస్తేనే కాళ్లకు పట్టే పనులు. దేశ జట్టు రెండు మ్యాచ్‌లు ఆడేందుకు క్లబ్బుల ఆట ఆపే విరామం దాదాపు పది రోజులు. అందులో ప్రయాణం, మ్యాచ్ ముందు రోజు తేలిక సాధన, మర్నాడు విశ్రాంతి తీసేస్తే గట్టిగా పని చేయించేది మూడు నాలుగు పూటలే. ఆ కాస్త వ్యవధిలో తెలివైన కోచ్ రెండే పనులు పెట్టుకుంటాడు: రక్షణ వరుసల మధ్య దూరం, ఇంకా కార్నర్లు, ఫ్రీకిక్కులు. అక్కడ మనోలో తప్పు కూడా ఉంది. గోవా క్లబ్బునూ దేశ జట్టునూ ఒక సీజన్ పాటు కలిపి మోయడానికి ఒప్పుకున్నాడు. ఒప్పించిన జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యది అంతకన్నా పెద్ద తప్పు.

రహీమ్ సాబ్ కూడా రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు కదా అని పాత అభిమానులు అంటారు. నిజమే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ దేశ జట్టునూ చూసుకున్నాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన పుణ్యమే. కానీ ఆయన దేశ జట్టులో పలువురు హైదరాబాదీలు, రోజూ ఆయన కంటి ముందు ఆడినవాళ్లు. ఆయనకు రెండో పడవ మొదటి పడవకు కట్టే ఉంది.

విజయం కోచ్ ఒక్కడిదీ కానట్టే వైఫల్యమూ అంతే. 2023-24లో హైదరాబాద్ 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లతో మళ్లీ అడుగుకు చేరింది. జీతాలు అందక, ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పెట్టాక, సీజన్ నడుమ సీనియర్లు వెళ్లిపోతే కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో నెట్టుకొచ్చాడు. ఆయన్ని తిట్టినవాళ్లది అత్త మీది కోపం దుత్త మీద చూపడమే. ఆఖరికి 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయింది.

ఇక వ్యాఖ్యాతల సంగతి. మనవాళ్లకు క్రికెట్ అలవాటు పోలేదు. క్రికెట్‌లో బంతికీ బంతికీ నడుమ అర నిమిషం ఖాళీ, అక్కడ సినిమా డైలాగు చెల్లుతుంది. ఫుట్‌బాల్‌లో డైలాగు అయ్యేలోపు బంతి ఒక చివర నుంచి ఇంకో చివరకు పోతుంది. చెప్పాల్సింది బంతి దగ్గర లేనివాడి గురించి. కుడి వైపు డిఫెండర్ ముందుకు పరుగెత్తితే అతను వదిలిన జాగాను ఎవరు కాసుకున్నారు? ఎవరూ కాసుకోకపోతే మరో ఐదు నిమిషాల్లో గోల్ అక్కణ్నుంచే వస్తుంది. 2025 అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ మీద ఛాంగ్టే గోల్‌తో ముందుండి, 44వ, 58వ నిమిషాల్లో రెండు తిని ఓడిపోయాం. ఆ తర్వాత వినబడిందంతా పట్టుదల లేదు, గుండె లేదు అని. గుండె సరే, విరామానికి నిమిషం ముందు మధ్య వరుస ఎక్కడ నిలబడిందో ఎవరైనా చూపించారా?

ఆటగాళ్లను మార్చడం ఇంకొకటి. ఇప్పుడు ఐదుగురిని మార్చుకోవచ్చు గానీ అందుకు ఆట ఆపే అవకాశాలు మూడే. హాఫ్‌టైమ్‌లో మార్చితే అది ఈ లెక్కలోకి రాదు. ఒక కోచ్ 55వ నిమిషంలో ఒకణ్ణి, 62లో ఒకణ్ణి మార్చాడంటే అతని చేతిలో మిగిలింది ఆట ఆపే ఒక్క అవకాశమే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎలా అని దాన్ని దాచుకుని 80 తర్వాత ముగ్గుర్ని ఒకేసారి దించుతాడు. దాన్ని మన వ్యాఖ్యాత ‘కంగారు’ అంటాడు. కంగారు 62లో జరిగింది, చూడాల్సింది అక్కడ. బంతి 60 శాతం మన దగ్గరే అని గొప్పగా చెప్పడమూ అంతే. వెనక వరుస నడుమ ఆడే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటే శాతం పెరుగుతుంది, గోల్ రాదు. ఆఫ్‌సైడ్ రీప్లేలో బొమ్మను ఆపాల్సింది పాస్ ఇచ్చినవాడి కాలు బంతికి మొదట తగిలిన క్షణంలో. అందుకున్న క్షణంలో ఆపి రిఫరీని దొంగను చేస్తున్నారు.

మన జిల్లాల్లో జరిగే చిన్న నియామకాలకూ ఇదే జబ్బు. వేసవి శిబిరానికి, బడికి కోచ్‌ను పెట్టుకునేటప్పుడు ‘స్టేట్ ఆడాడా’ అని ఒక్కటే అడుగుతారు. అడగాల్సింది ఏ లైసెన్స్ ఉంది అని. కోచ్‌ల లైసెన్సుల్లో అన్నిటికన్నా కింద గ్రాస్‌రూట్స్, దాని పైన డీ, ఆ పైన సీ, బీ, ఏ, చివర ప్రో. పదేళ్ల పిల్లలకు డీ ఉన్న ఓపికమంతుడు చాలు. తర్వాత బంతులెన్నో అడగాలి. 20 మంది పిల్లలకు రెండు బంతులిచ్చి వరుసలో నిలబెడితే గంటలో ఒక్కొక్కరి కాలికి బంతి తగిలేది చాలా తక్కువసార్లు. ఇద్దరికో బంతి చొప్పున 10 బంతులిచ్చి సాధన చేయించి, తర్వాత 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీసిన రెండు జాగాల్లో ఐదుగురికి ఐదుగురు ఆడిస్తే ఎవరూ ఖాళీగా ఉండరు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 4 సైజు బంతే ఇవ్వాలి. 5 సైజు ఇస్తే బరువుకు తట్టుకోలేక బొటనవేలితో పొడవడం నేర్చుకుంటారు, అది మాన్పించడం అంత తేలిక కాదు. మే నెలలో ఉదయం ఏడున్నర దాటితే మన ఎండల్లో పిల్లల్ని పరుగెత్తించడం శిక్షణ కాదు.

మాటల్లో మాట. పురుషుల జట్టు గురించి ఇంత గోల నడుస్తుండగా, 2025 జులైలో మహిళల జట్టు క్రిస్పిన్ ఛెత్రీ శిక్షణలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించింది. దేశానికి ఆడుతున్న గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ బిడ్డ. ఆ కోచ్ ఏం చేశాడో ఏ చర్చలోనూ వినలేదు.

మీ పత్రికకు ఒక మనవి. భారత జట్టు మ్యాచ్ వార్త కింద నాలుగు వరుసలు వేయండి. దిగిన పదకొండు మంది ఎవరు ఎక్కడ ఆడారు, ఎవర్ని ఏ నిమిషంలో మార్చారు, మ్యాచ్‌కు ముందు ఎన్ని రోజులు కలిసి సాధన చేశారు, స్ట్రైకర్‌గా దిగినవాడు ఆ నెలలో క్లబ్బుకు ఎన్ని నిమిషాలు ఆడాడు. క్రికెట్ స్కోర్‌కార్డుకు రోజూ ఇచ్చే జాగాలో సగం సరిపోతుంది.

— కొందరు ఫుట్‌బాల్ శిక్షకులు, అభిమానులు
హనుమకొండ