పేరు చెప్పని పెద్దాయనకు కృతజ్ఞతలు

అమలాపురం గ్రంథాలయంలో మా అమ్మాయి పక్కన కూర్చొని, అమెరికా కళాశాలల కోసం, ఉమ్మడి దరఖాస్తు వేదిక అయిన కామన్ యాప్‌లో పంపవలసిన, 650 పదాలకు మించరాని స్వీయ వ్యాసాన్ని ఓపికగా చదివి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు మా కృతజ్ఞతలు. మార్కులు, బహుమతులు దరఖాస్తులో వేరేచోట ఎలాగూ ఉంటాయని చెప్పి, మీరు ఒక్క వాక్యం కూడా రాసిపెట్టకుండా ప్రశ్నలే అడిగారు. గోదావరి వరదకు లంకలోని అరటితోట మునిగినప్పుడు తాతయ్య ఏం చేశారన్నది సరే, అది చూసిన నీ ఆలోచనలో ఏం మారిందని మీరు గుచ్చి అడిగాకనే, అరువు తెచ్చుకున్న గంభీరమైన మాటలన్నీ కొట్టేసి అమ్మాయి మళ్లీ రాసింది. డబ్బు తీసుకొని వ్యాసం మొత్తం రాసిచ్చేవారున్న రోజుల్లో ఇది చిన్న సాయం కాదు. దరఖాస్తు గడువులోగా పంపాము, ఫలితం ఇంకా రావలసి ఉంది. ఇది మీ కంటపడితే మా కుటుంబమంతటి నమస్కారాలు స్వీకరించగలరు.