జ్వరం పోయింది, మరి దగ్గు?

సంపాదకుడు గారికి,

జ్వరం తగ్గి మూడు వారాలైనా నాకు దగ్గు వదల్లేదు. పొద్దున లేవగానే గళ్ళ, అదీ ఆకుపచ్చగా, తీగలు సాగుతూ. మందుల షాపులో రంగు చెప్పానో లేదో, చీటీ కూడా అడక్కుండా యాంటీబయాటిక్ (బ్యాక్టీరియాని చంపే మందు) చేతిలో పెట్టేశారు. నేను వేసుకోలేదు.

అసలు జరిగేది వేరు. ఊపిరి గొట్టాల లోపలి గోడకి కంటికి ఆనని సన్నటి నూగు ఉంటుంది, సీలియా అంటారు. ఒక్కో కణానికి దాదాపు 200, సెకనుకి పది పదిహేను సార్లు ఊగుతూ, పైనున్న జిగురు పొరని అందులో చిక్కిన దుమ్మూ క్రిములతో సహా గొంతు దాకా తోసేస్తాయి, మనం తెలియకుండానే మింగేస్తుంటాం. ఫ్లూ, కరోనా, పసిపిల్లలకొచ్చే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్, ఇవన్నీ ఆ నూగున్న కణాల్లోకి దూరతాయి. నూగు రాలిపోతుంది, కొన్నిచోట్ల కణాలే ఊడిపోతాయి. అదే టైములో జిగురు ఎక్కువ ఊరుతుంది, చచ్చిన కణాల డీఎన్‌ఏ కలిసి బంకలా తయారవుతుంది. ఊడ్చే దిక్కు లేదు, చెత్తేమో రెట్టింపు. ఇక దగ్గడం తప్ప ఒంటికి వేరే దారేముంది? నూగు మళ్ళీ మొలవాలంటే వారాలు పడుతుంది (సిగరెట్ తాగేవాళ్ళకి మరీ కష్టం, పొగ కూడా దాన్నే దెబ్బతీస్తుంది).

ఆకుపచ్చ రంగంటారా, అది మన తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైముది. అది కనబడినంత మాత్రాన బ్యాక్టీరియా చేరినట్టు కాదు.

అలాగని కొట్టిపారేయమనడం లేదు. కదలని కఫంలో బ్యాక్టీరియా నిజంగానే కాపురం పెట్టొచ్చు, 1918 ఫ్లూలో ఎక్కువమంది పోయింది ఆ తర్వాత పట్టుకున్న న్యుమోనియాతోనే. తగ్గిన జ్వరం తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా, గళ్ళలో రక్తం పడినా డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. పసిపిల్లల గొట్టాలు ఎంత సన్నమంటే కాస్త జిగురుకే మూసుకుపోతాయి, డొక్కలెగరేస్తూ పాలు తాగడం మానేస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు.

జలుబుల కాలం రాగానే మీ ఆరోగ్యం పేజీలో చిట్కాలు నిండుగా వస్తాయి. ఈసారి వాటిలో సగం తీసేసి ఆ నూగు బొమ్మ ఒకటి వేసి, కింద ఈ ప్రమాద లక్షణాలు పెద్దక్షరాల్లో వేయండి, షాపులవాళ్ళు కూడా చదివేలా.

– ఒక పాఠకుడు