పాసీఘాట్ నుంచి శీనుకి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? నేను అరుణాచల్‌లో పాసీఘాట్ వచ్చి వారమైంది. ఇది ఫోన్లో చెబితే తెమిలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఇక్కడ 2023 నవంబరులో ఒక మ్యూజియం తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో అస్సాంకీ చైనాకీ మధ్య ఎగురుతూ ఈ కొండల్లో కూలిపోయిన విమానాల జ్ఞాపకం అది. ఆ దారిని పైలట్లు 'హంప్' అనేవారు, అంటే మూపురం. లోపల ఒక అల్యూమినియం రేకు ముందు నిలబడిపోయాన్రా. నలిపి పారేసిన కాయితంలా ఉంది. అంచు వెంబడి రివెట్లు మాత్రం ఒక్కటీ వరస తప్పలేదు.

'హాట్ యాజ్ హెల్' అనే బి-24 బాంబర్ గురించి చెప్పాలి నీకు. చైనాకి సరుకు వెళ్లే బర్మా రోడ్డు జపాన్ చేతిలోకి పోయాక, చైనాలో ఉన్న బాంబర్లు తమ పెట్రోలు, బాంబులు తామే ఇండియా నుంచి మోసుకుపోవాల్సి వచ్చేది. అలా సరుకు కోసమే ఈ విమానం 1944 జనవరి 25న చైనాలోని కున్‌మింగ్ నుంచి అస్సాంలోని ఛబువాకి బయల్దేరింది, ఎనిమిది మందితో. ఛబువా దగ్గర వాతావరణం బాగాలేదు, ఏమీ కనపడని పరిస్థితి. విమానం చేరలేదు.

అరవై ఏళ్లు దాటాక, 2006లో, క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ దమ్రో అనే ఆదీ తెగవాళ్ల ఊరి దగ్గర కొండవాలులో దాని శకలాలు చూశాడు. దారి తెలిసిన స్థానికులు లేకపోతే ఆ అడవిలో అడుగు పడదురా. 2015లో అమెరికా బృందం వచ్చి మట్టి తవ్వి, జల్లించింది. దొరికిన అవశేషాలను 2016 ఏప్రిల్లో ఢిల్లీ నుంచి గౌరవంగా పంపించారు. డీఎన్‌ఏ పరీక్షల్లో ఒకరి గుర్తు తేలింది. లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్, బాంబులు గురిచూసి వదిలే పని ఆయనది. ఇరవై నాలుగేళ్లు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కాంకర్డ్ వాళ్ల ఊరు, నాలుగొందల మంది కూడా ఉండరు. 2017 జూన్‌లో ఆ ఊళ్లోనే ఖననం చేశారు. అప్పటికి అమ్మా నాన్నా లేరు.

అక్కడే మీ అమ్మమ్మ గుర్తొచ్చింది. వేటకెళ్లి తిరిగిరాని మీ చిన్నమావయ్యకి తద్దినం పెడదామంటే, "నా కళ్లతో చూడలేదుగా, ఎలా పెడతార్రా?" అని ఆవిడ అడిగిన రోజు నేనూ మీ అరుగు మీదే ఉన్నాను. చిన్నతనంలో మొండితనం అనుకున్నాను. తప్పు, శీనూ.

ఫిలిప్పీన్స్‌లో, మనీలాలోని అమెరికన్ సైనిక శ్మశానంలో ఆచూకీ దొరకనివాళ్ల పేర్లు గోడల మీద చెక్కి ఉంటాయి. ఎవరైనా దొరికితే ఆ పేరు పక్కన చిన్న కంచు పువ్వు పెడతారు. పేరు చెరపరు.

ఇదంతా అమ్మమ్మకి చదివి వినిపించాలో వద్దో నువ్వే చూసుకో. వినిపిస్తే మాత్రం, ఆ పువ్వు సంగతి వదిలేయకు. వచ్చే నెల ఊరొస్తున్నాను.

నీ
రమణ