నిద్ర పరీక్ష వాయిదా వేయకండి, ఇంటికి పంపండి

సంపాదకుడు గారికి,

కోవిడ్ వల్ల వాయిదా పడిన ఆపరేషన్ల గురించి మీ పత్రికలో తరచూ రాశారు. వాటితోపాటే ఆగిపోయినా ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఇంకొకటి ఉంది, స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాస ఎలా సాగుతోందో రాత్రంతా నమోదు చేసే పరీక్ష. 2020 మార్చిలో మహమ్మారి ప్రకటన వచ్చాక చాలాచోట్ల స్లీప్ ల్యాబ్‌లు మూసేశారు. అందుకు నేనేమీ తప్పు పట్టను. ఆ పరీక్షంటే తలుపులు వేసిన గదుల్లో రోగులు, టెక్నీషియన్లు రాత్రంతా గడపాలి. పైగా నిద్రలో శ్వాసదారి మూసుకుపోకుండా మాస్కు ద్వారా వాడే సీప్యాప్ యంత్రం గాలిని ఒత్తిడితో పంపుతుంది కాబట్టి వైరస్ ఉన్న తుంపరలు గదిలో వ్యాపించే ప్రమాదం ఉంది. మూసేసినవాళ్లు వేరే దారి చూపించకపోవడమే నా బాధ.

మా అన్నయ్య పరీక్ష కూడా అలాగే ఆగింది. ఆయన గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. అంత గురకా ఉన్నట్టుండి ఆగిపోతుంది. వదిన లేచి కూర్చుని, తట్టి లేపాలా వద్దా అని చూస్తుంటుంది. ఇంతలో ఆయన గట్టిగా ఒక్కసారి ఎగపీల్చి మళ్లీ మొదలుపెడతాడు. పొద్దున లేస్తే తలనొప్పి, పేపరు చదువుతూనే కునికిపాట్లు. ఆ మనిషే మళ్లీ కారు నడుపుతాడు. మా టెన్షనంతా అదే.

గురక పెడుతున్నారంటే ఒళ్లు మరిచి నిద్రపోతున్నారని చాలామంది అనుకుంటారు. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసదారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకంటే ఎక్కువో గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటకు 30 సార్లు, ఆపైన ఇలా జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క. లొంగని బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం దీంతో ముడిపడి ఉన్నాయి. ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లలో దాదాపు 93 కోట్ల 60 లక్షల మందికి ఈ సమస్య ఉందని 2019లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్ పత్రికలో ఒక అంచనా వచ్చింది. వాళ్లలో చాలామందికి తమకీ జబ్బుందనే తెలియదు.

నేను చెప్పిన వేరే దారి ఇంట్లో చేసుకునే పరీక్షే. అది మహమ్మారి కోసం కొత్తగా కనిపెట్టింది కాదు, ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, అంతే. గొట్టం జారకుండా చెంపల మీద టేపు వేసుకోవాలి, క్లిప్పు పెట్టే వేలికి గోళ్లరంగు ఉండకూడదు. ఎలా కట్టుకోవాలో వీడియో కాల్‌లో చూపించవచ్చు. ఒక్కసారి వాడి పారేసే పరికరాలూ ఉన్నాయి. జబ్బుందని తేలితే, ఒత్తిడిని తనంతట తానే సర్దుకునే ఆటో సీప్యాప్ యంత్రంతో చాలామందికి ఇంట్లోనే చికిత్స మొదలుపెట్టవచ్చు.

ఒక మాట మాత్రం ఆసుపత్రులు దాచకుండా చెప్పాలి. ఈ కిట్లలో ఎక్కువ భాగం మెదడు తరంగాలను నమోదు చేయవు. మనం మేలుకుని దొర్లిన గంటల్నీ లెక్కలో కలిపేస్తాయి, దాంతో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందనే అంకె అసలు కంటే తక్కువ రావచ్చు. అందుకే లక్షణాలున్న మనిషికి ‘నార్మల్’ అని వస్తే అక్కడితో వదిలేయకూడదు, ల్యాబ్‌లో పూర్తి పరీక్ష చేయాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ముదిరినవాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి, ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు) వాడేవాళ్లకి, పిల్లలకి ఇది సరిపడదు. రిపోర్టును యంత్రానికే వదిలేయకుండా నిద్ర వైద్యం తెలిసిన డాక్టరు రికార్డింగు మొత్తం చూడాలి.

ఈ రోజుల్లో చాలా ఇళ్లలో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. పడుకునే ముందు వేలికి పెట్టుకుని, 98 చూసి, నాకేం లేదని ధైర్యపడేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా అనుకోకండి. మెలకువగా ఉన్నప్పటి అంకె అర్ధరాత్రి రెండింటికి ఏం జరుగుతోందో చెప్పదు.

ఆరోగ్య శాఖ అధికారులను నేను కోరేది ఇదే. వాయిదా పడిన జాబితాలు బయటికి తీయించండి. బండి నడిపి బతికేవాళ్లకి, ఎన్ని మందులు వాడినా బీపీ తగ్గనివాళ్లకి, మత్తుమందు ఇచ్చి చేసే ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి ముందు కిట్లు పంపించండి. బీమా సంస్థలు కూడా ల్యాబ్ పరీక్షకు ఇచ్చినట్టే ఈ పరీక్షకూ డబ్బు చెల్లించేలా చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు