వార్షిక నివేదిక: మన పత్రికలో పులిజూదం బొమ్మల కథ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ఆటల పత్రిక నాలుగు సంచికలూ వెలువడ్డాయి. నెలవారీ కూడికలు, పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. నేను మాత్రం బొమ్మల కథ గురించే ఎక్కువ చెబుతాను. ఏడాది పొడుగునా మీరు మెచ్చుకున్నదీ, నిలదీసిందీ దాని గురించే.

మూడు పులులు, పదిహేను మేకల మధ్య సాగే ఒకే ఒక్క ఆట ఈ కథ. సంచికకు ఒక పేజీ, ఆరు గడులు. చివరి గడిలో కాయలు ఏయే స్థానాల్లో ఉన్నాయో చూపిస్తాం కాబట్టి, ఇంట్లో పటం గీసుకుని తర్వాతి ఎత్తు మీరే ఆలోచించవచ్చు.

మొదటి సంచికలో అక్షరాలు ఇబ్బంది పెట్టాయి. ముసలి మేక పేరు లక్ష్మి. ఆ మవత్తు కిందికి దిగి, కింది వరుసలోని గుడిని తాకింది. బుడగలో సగం మాటలు చదవడానికే వీలు కాలేదు. అప్పటి నుంచి మాటలు తగ్గించి, వరుసల మధ్య ఎడం పెంచి, చేత్తోనే రాయిస్తున్నాం. పేజీ ఎంత తేటగా మారిందో మీరే చూశారు.

రెండో సంచికలో ఆటే తప్పింది. పన్నెండు మేకలే పటం ఎక్కి ఉండగా ఒక మేక పక్కకు జరిగినట్టు గీశాం. పదిహేనూ దిగేదాకా మేక కదలకూడదు కదా! బడిలో చదువుకుంటున్న ఒక సభ్యురాలు పోస్టుకార్డు మీద పటమంతా గీసి, ఆ మేక చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి పంపింది. మూడో సంచికలో ఆ పటాన్నే సవరణగా అచ్చు వేశాం. ఈ ఏడాది పత్రికకు అందిన ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

నాలుగో సంచికలో కథ రాలేదు. చిత్రకారుడి ఇంట్లో అనారోగ్యం వల్ల పేజీ అందలేదు. కారణం చెప్పకుండా ఆ చోట ప్రకటన వేయించింది నేనే. అది పొరపాటు, క్షమించండి.

అమెరికాలో రోల్ ప్లేయింగ్ ఆటల (ఆడేవాళ్లే కథలోని పాత్రలుగా మారే ఆటల) పత్రిక ‘డ్రాగన్’లో డేవిడ్ ట్రాంపియర్ 1977లో ‘వర్మీ’ అనే బొమ్మల కథ మొదలుపెట్టారు. పదేళ్లకు పైగా నడిచిన ఆ కథ 1988 ఏప్రిల్‌లో, 132వ సంచికతో, నడిమధ్యలో ఆగిపోయింది. ఆయన 2014లో కన్నుమూశారు. కథ ముగింపు పాఠకులకు అందనే లేదు. మన పాఠకులకు ఆ లోటు రానివ్వకూడదని కార్యవర్గం రెండు నిర్ణయాలు తీసుకుంది. ఆట ముగిసేదాకా ఎత్తులన్నీ రాసిన కాగితం కార్యాలయంలో ఉంటుంది. ఎప్పుడూ రెండు పేజీలు ముందుగానే సిద్ధంగా ఉంటాయి. ఇందుకు మరో చిత్రకారుడు కావాలి. బొమ్మలు గీసే సభ్యులు దయచేసి ముందుకు రండి.

వచ్చే సంచిక పేజీ నా చేతికి అందింది. అందులో పదిహేనో మేక దిగుతుంది. ఆ తర్వాతి సంచిక నుంచి లక్ష్మి కదలవచ్చు.

– కార్యదర్శి