వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారములు. పంట వ్యర్థాలను సూక్ష్మజీవులతో పనికొచ్చే సరుకుగా మార్చే పనిలో మన పిల్లలకు శిక్షణ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో నిలిచిన కట్టెను ఏటా తగలబెడుతున్నాం. మక్కలు ఒలిచాక మిగిలే బెండ్లు పొయ్యిలోకి పోతున్నాయి. అదే బెండును ఆమ్లంతో ఉడికిస్తే ఫర్ఫ్యూరాల్ అనే పారిశ్రామిక రసాయనం వస్తుంది, బెండులోని చక్కెరలను విడదీసి పులియబెడితే ఇథనాల్ వస్తుంది. కేంద్రం 2024 ఆగస్టులో జీవపదార్థాల నుంచి, సూక్ష్మజీవులతో సరుకుల తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానాన్ని ఆమోదించింది గానీ, ఆ పని తెలిసిన చేతులు మన దగ్గర ఎక్కడ తయారవుతాయి?

మా అమ్మాయి బయోటెక్నాలజీతో డిగ్రీ పూర్తి చేసింది; సూక్ష్మజీవులను పెంచి పులియబెట్టే పాత్ర అయిన ఫెర్మెంటర్‌ను మాత్రం పుస్తకంలో బొమ్మగానే చూసింది. ఇంట్లో దోసె పిండి ఏ పూటకు ఎంత పొంగుతుందో చెప్పగలిగే పిల్లకు, పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి), ఉష్ణోగ్రత, ఆక్సిజన్ అదుపులో ఉంచుతూ సూక్ష్మజీవులను పెంచడం దగ్గరుండి నేర్పితే పట్టుబడదా?

పక్కనే హనుమకొండలో నిట్‌కూ, కాకతీయ విశ్వవిద్యాలయానికీ బయోటెక్నాలజీ విభాగాలు ఉన్నాయి గనుక, వారి సహకారంతో ఐటీఐ, డిగ్రీ విద్యార్థులకు ఈ పనిని స్వయంగా చేస్తూ నేర్చుకునే ఆరు నెలల శిక్షణను ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టించవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
వర్ధన్నపేట మండల రైతు