తాగినట్టు మిషన్ చెప్పింది సరే, నడిపినట్టు ఎవరు చెప్పారు?

సంపాదకుడికి,

ఫంక్షన్ హాల్ బయట ఆపి ఉన్న కారులో నిద్రపోతున్న మనిషి మీద డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పెట్టారని మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. ఎవరో ఒకరు అడుగుతారులే అని చూశాను, ఎవరూ అడగలేదు. ఆపిన కారులో, అదీ గురకపెట్టి నిద్రపోతూ, ఆయన డ్రైవింగ్ ఎలా చేశాడు? మీ విలేకరికైనా ఆ అనుమానం రావద్దా? వాట్సాప్‌లో వచ్చిన ప్రెస్ నోట్‌ను అచ్చేస్తే వార్త అయిపోతుందా?

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం తాగడం ఒక్కటే నేరం కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటాలి, ఆ స్థితిలో మనిషి బండి నడుపుతూనో నడపబోతూనో ఉండాలి. మొదటి సంగతి బ్రీత్ అనలైజర్ చెబుతుంది. రెండోది చెప్పే మిషన్ ఇంకా పుట్టలేదు. ఊదించి తీసిన స్లిప్పు మీద తేదీ, టైము, రీడింగు ఉంటాయి. స్టీరింగు ముందు ఎవరున్నారో ఉండదు. అది కళ్లతో చూసి కాగితం మీద పెట్టాల్సింది బండి దగ్గరికి వచ్చిన అధికారి. ఆయనేమో రీడింగు రాగానే పని అయిపోయిందనుకుంటాడు.

ఇంగ్లండులో తాగినవాడి అధీనంలో బండి ఉన్నా నేరమే, అక్కడి 1988 చట్టం ఆ మాట విడిగా రాసుకుంది. అయినా, మత్తు దిగేదాకా నడిపే అవకాశం లేదని రుజువు చేసుకుంటే వదిలేస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తాళం దగ్గర పెట్టుకుని డ్రైవర్ సీట్లో పడుకున్నా కేసు పడొచ్చు, అక్కడ చదువుకునే మన పిల్లలకు ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. మన 185లో మాత్రం అలాంటి మాట లేదు. పార్లమెంటు రాయని నేరం మన రోడ్ల మీద ఎవరు రాస్తున్నారు?

నడపబోవడం అంటే ఏమిటన్నదే అసలు తిరకాసు. బటన్ స్టార్ట్ కారులో బ్రేకో క్లచ్చో తొక్కకుండా బటన్ నొక్కితే పాటలొస్తాయి, ఫ్యాను తిరుగుతుంది, ఇంజను మాత్రం స్టార్ట్ కాదు. ఏసీ చల్లగా రావాలంటే ఇంజను ఆడాల్సిందే. మే నెల ఉక్కలో సీటు వెనక్కి వాల్చి ఏసీ వేసుకున్నవాడూ, గేరు వేసి హ్యాండ్ బ్రేకు దించినవాడూ ఒకటేనా? (మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి పడుకునే పని మాత్రం పెట్టుకోకండి. పొగ లోపలికి చేరితే మళ్లీ లేవరు.) చిత్రమేమిటంటే, పాడైన కారును ఇంకో కారుకు తాడు కట్టి లాగుతున్నప్పుడు వెనక కారులో స్టీరింగు తిప్పేవాణ్ణి చట్టం డ్రైవరుగానే లెక్కేస్తుంది, ఇంజను ఆడకపోయినా సరే.

తాగుబోతుల్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. గుద్దేసి ‘నేను కాదు, ఫ్రెండు నడిపాడు’ అనే ఘనులకు కొదవలేదు. వాళ్లను పట్టుకోవాలన్నా కావాల్సింది ఈ శ్రద్ధే. మన కార్లలో డ్రైవరు బెల్టు కుడి భుజం మీంచి, పక్క సీటువాడి బెల్టు ఎడమ భుజం మీంచి వస్తాయి. కమిలిన చార ఏ భుజం మీదుందో డాక్టరు రాస్తే సగం తేలిపోతుంది. సీటు ఎంత ముందుకు జరిపి ఉంది, అద్దం ఎవరి ఎత్తుకు సరిపోతుంది, ఏ ఎయిర్‌బ్యాగు మీద రక్తపు మరకలున్నాయి అన్నవి పంచనామాలో నాలుగు లైన్లు. క్రేను వచ్చి బండిని ఈడ్చుకెళ్లాక ఇక చూడటానికేముంది?

కేసు పడ్డవాడు ఇవేవీ అడగడు. ఒప్పుకుంటే చాలాసార్లు ఫైనుతో పోతుంది, కాదంటే వాయిదాలు, వకీలు ఫీజు, ఆఫీసుకు సెలవులు. అందుకే తల ఊపేస్తాడు. అలా ఊపిన తల మొదటి నేరం కింద లెక్కకొస్తుందనీ, ఇంకోసారి దొరికితే 10,000 జరిమానా 15,000 అవుతుందనీ, 6 నెలల జైలు 2 ఏళ్ల దాకా పోవచ్చనీ ఆ పూట అతనికి ఎవరు చెబుతున్నారు? అరెస్టు చేస్తే 2 గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేదంటే వదిలెయ్యాలి అని మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్‌లో ఉన్న సంగతీ అంతే. తాగని మనిషి లైసెన్సుతో పక్కనుంటే బండి అతనికి అప్పగించాలని, లేకపోతే అయినవాళ్లను పిలిపించాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులోనే చెప్పింది. ఎన్ని స్టేషన్లలో ఆ తీర్పు కాపీ గోడకు అంటించారో వెళ్లి చూడండి.

వైన్స్ పక్కన పర్మిట్ రూముకు లైసెన్సు ఇచ్చిందీ సర్కారే, అవతలి మలుపులో బారికేడ్ పెట్టిందీ సర్కారే. రాత్రి పొద్దుపోయాక బస్సు ఉండదు, ఆటోకు మీటరు ఉండదు. నడపడం తప్పని తెలిసి కారులోనే పడుకున్న ఒక్క బుద్ధిమంతుణ్ణీ పట్టుకుపోతే, వచ్చేసారి అతను పడుకోడు, తాళం తిప్పి ఇంటికి పోతాడు.

ఆ రోజు ఆయన ఏ సీట్లో ఉన్నాడు, తాళం ఎక్కడుంది, ఇంజను ఆడుతోందా? మీ విలేకరిని పంపి ఈ మూడూ కనుక్కుని, మొదటి వార్త వేసిన పేజీలోనే వేయండి.

ఓ పాఠకుడు, హనుమకొండ